రిజిస్టరులోని దేహం: స్టూవర్టుపురం సెటిల్మెంటు నుంచి ఉద్యోగ విచారణ వరకు వైద్యగోప్యత – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రభుత్వోద్యోగంలో చేరే వ్యక్తి తనకు సంబంధించిన రెండు చరిత్రలను రాజ్యం చేతిలో పెడతాడు. ఒకటి ప్రవర్తన చరిత్ర. దానిని పోలీసులు విచారిస్తారు. రెండవది దేహచరిత్ర, దానిని వైద్యులు పరీక్షిస్తారు. ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఉన్నంతవరకే వైద్యగోప్యతకు అర్థం ఉంటుంది. నేరస్థ తెగల చట్టం కింద ఏర్పడిన స్టూవర్టుపురం సెటిల్మెంటులో ఈ రెంటి మధ్య గోడ లేదు. అక్కడి అనుభవం ఆధారంగా నేటి పూర్వచరిత్ర విచారణలో వైద్యగోప్యత స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: స్టూవర్టుపురం, ఎరుకల, నేరస్థ తెగల చట్టం, పూర్వచరిత్ర విచారణ, వైద్యగోప్యత, సస్పెక్టు షీటు.

1. ఉపోద్ఘాతం

బాపట్ల, చీరాల పట్టణాల మధ్య విజయవాడ–చెన్నై రైలుమార్గం మీద ఉన్న స్టూవర్టుపురం పేరు తెలుగువారిలో విననివారు అరుదు. ఆ పేరుకు అంటిన ముద్ర కూడా అంతే ప్రసిద్ధం. 1991లోనే ఈ ఊరి పేరుతో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అనే రెండు చలనచిత్రాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఊరి పేరు వినగానే నేరం స్ఫురించడం సినిమాతో మొదలైనది కాదు. దానికి పునాది ప్రభుత్వ దస్త్రంలో పడింది.

స్టూవర్టుపురంపై ఇంతవరకు వచ్చిన రచనలు ఎక్కువగా నేరం, సంస్కరణ, కూలిశ్రమ అనే కోణాలను చర్చించాయి. మీనా రాధాకృష్ణ ‘డిజానర్డ్ బై హిస్టరీ’ (2001) అనే గ్రంథంలో ఎరుకల చరిత్రను, సెటిల్మెంటు ఆర్థిక ప్రయోజనాలను వివరంగా నిరూపించారు. ప్రస్తుత వ్యాసం వేరొక ప్రశ్న వేస్తుంది. ఒక మనిషి నమ్మదగినవాడా కాదా అని రాజ్యం విచారించేటప్పుడు ఆ మనిషి దేహం గురించి ఎంత తెలుసుకోవచ్చు? తెలుసుకున్నది ఎవరి చేతిలో, ఎంతకాలం ఉండాలి? ఈ ప్రశ్నకు పరిమితి లేని జవాబు చెప్పిన చోటు స్టూవర్టుపురం. అందువల్లనే ఈ విషయంలో అది పరిశీలించదగిన ఉదాహరణ.

2. నేరమూ రోగమూ – ఒకే పరిభాష

1871 నాటి 27వ చట్టం కొన్ని సముదాయాలను మొత్తంగా నేరస్థ తెగలుగా ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కులవృత్తి వంశపారంపర్యంగా వచ్చినట్లే నేరమూ వస్తుందన్నది దాని వెనుక ఉన్న వాదం. మద్రాసు రాజధానికి ఈ విధానం 1911 నాటి 3వ చట్టంతో విస్తరించింది. ప్రభుత్వం చేసిన ప్రకటన చెల్లుబాటును న్యాయస్థానాలు ప్రశ్నించరాదని చట్టమే కట్టడి చేసింది. అంటే ఒక వ్యక్తి తాను నేరం చేయలేదని నిరూపించుకున్నా తన పుట్టుకను కాదనుకోలేడు.

ఎరుకలవారు తరతరాలుగా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని తీరానికీ లోపలి ప్రాంతాలకూ మధ్య వర్తకం చేసినవారు. ఉప్పు ఎరుకల అనే శాఖానామం నేటికీ దానికి సాక్ష్యం. రైలుమార్గాలు వచ్చాక, ఉప్పుపై ప్రభుత్వ నియంత్రణ బిగిశాక ఆ వర్తకం దెబ్బతిన్నది. జీవనాధారం పోయి తిరుగుతున్నవారి సంచారాన్నే పాలకులు అనుమానానికి ఆధారం చేశారు. ఆర్థిక కారణం దస్త్రంలోకి ఎక్కలేదు, రక్తగుణం ఎక్కింది.

ఈ రక్తగుణ సిద్ధాంతానికి దేహాన్ని కొలిచే శాస్త్రం తోడైంది. ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ (1909) సంకలనకర్త ఎడ్గార్ థర్‌స్టన్ వైద్యవిద్య అభ్యసించినవాడు. మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉంటూ తల, ముక్కు, ఎత్తు కొలతలతో తెగలను వర్ణించాడు. దేహమాపన పద్ధతులపై పోలీసు అధికారులకు పాఠాలు కూడా చెప్పాడు. కొంతకాలానికే వేలిముద్రలు కొలతల స్థానాన్ని ఆక్రమించాయి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. నమోదైన తెగ సభ్యుని వేలిముద్రలను ఎప్పుడైనా తీసుకోవచ్చునని నేరస్థ తెగల చట్టం అనుమతించింది.

సంస్కర్తలు కూడా ఇదే పరిభాషను వాడారు. భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీని నడిపిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ నేరస్థ తెగల మధ్య తమ పనిని వివరిస్తూ రాసిన పుస్తకానికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. నేరానికి చికిత్స చేసే శాస్త్రం అని దాని భావం. శిక్ష కంటె చికిత్స మానవీయమైనదని ఆయన నమ్మకం కావచ్చు. అయితే శిక్షకు ఒక గడువు ఉంటుంది. చికిత్స రోగం నయమైందని వైద్యుడు చెప్పేవరకు సాగుతుంది. స్టూవర్టుపురంలో రోగి, ఖైదీ, కూలీ ముగ్గురూ ఒకే మనిషి. వైద్యుడు, కాపలాదారు, యజమాని కూడా దాదాపు ఒకే సంస్థ.

3. సెటిల్మెంటు: రిజిస్టరు, హాజరు, పాసు

1913-14 ప్రాంతంలో అప్పటి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో వ్యవసాయ సెటిల్మెంటుగా స్టూవర్టుపురం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దీనికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. బెజవాడ సమీపంలోని సీతానగరం సెటిల్మెంటును కూడా ఈ సంస్థే నడిపింది. కావలి సెటిల్మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో ఉండేది. స్టూవర్టుపురంవారిలో పలువురు చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పొగాకు కర్మాగారంలో కూలీలుగా పనిచేశారు.

చట్టం నిర్మించిన యంత్రాంగానికి మూడు అంగాలు. మొదటిది రిజిస్టరు: జిల్లా మేజిస్ట్రేటు ఆజ్ఞ మీద తయారై పోలీసు సూపరింటెండెంటు ఆధీనంలో ఉండేది. రెండవది హాజరు: నిర్ణీత వేళల్లో అధికారి ఎదుట కనబడడం, నివాసాన్నీ దాని మార్పునూ తెలపడం. మూడవది పాసు: హద్దు దాటి వెళ్ళడానికి అనుమతి చీటీ. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. 1924 నాటి 6వ చట్టం ఈ ఏర్పాట్లను ఒకచోట చేర్చి కొనసాగించింది.

ఈ యంత్రాంగంలో అనారోగ్యం ఎక్కడ నిలుస్తుందో ఆలోచించాలి. హాజరు తప్పితే శిక్ష ఉన్నచోట జ్వరం సొంత విషయం కాదు, గైర్హాజరుకు సంజాయిషీ. కాన్పు కుటుంబ విషయం కాదు. రిజిస్టరులో చేరవలసిన మరొక పేరుకు సూచన. దేహం మీది మచ్చ, గాయం ఆనవాళ్ళు అవుతాయి. వైద్యసహాయం కావాలన్నా హద్దు దాటి బంధువు దగ్గరికి వెళ్ళాలన్నా కారణం అధికారికి చెప్పక తప్పదు. చెప్పని రోగం దొంగతనానికి ముసుగుగా కనబడుతుంది. చెప్పిన రోగం దస్త్రమవుతుంది. గోప్యత కోల్పోవడానికి ఇక్కడ ఎవరూ రహస్యాన్ని బయటపెట్టనక్కరలేదు. రహస్యం అనే వర్గమే లేకుండా జీవితాన్ని అమర్చడం జరిగింది.

4. వైద్యుని మౌనానికి చట్టంలో చోటు

వలసపాలనలో వైద్యగోప్యతకు చట్టబద్ధమైన బలం తక్కువ. నేరస్థ తెగల చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1872లో, సాక్ష్య చట్టం వచ్చింది. కక్షిదారు తన న్యాయవాదికి చెప్పుకున్న మాటకు అది రక్షణ ఇచ్చింది. రోగి వైద్యునికి చెప్పుకున్న మాటకు అటువంటి రక్షణ ఇవ్వలేదు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ తేడా అలాగే ఉంది.

వైద్యుని సంతకం పోలీసు కాగితంగా మారడానికి 1898 నాటి కుష్ఠురోగుల చట్టం మరొక ఉదాహరణ. నిరుపేద కుష్ఠురోగిగా కనబడిన వ్యక్తిని పోలీసు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వైద్యాధికారి ధ్రువీకరిస్తే మేజిస్ట్రేటు ఆ వ్యక్తిని ఆశ్రమానికి పంపవచ్చు. అనుమానం పోలీసుది, నిర్ధారణ వైద్యునిది, నిర్బంధం మేజిస్ట్రేటుది. ఈ చట్టం 2016లో గాని రద్దు కాలేదు. బాపట్లలోని ఈవాంజలిన్ బూత్ కుష్ఠువ్యాధి ఆసుపత్రి కూడా సాల్వేషన్ ఆర్మీదే. ఆ ఆసుపత్రి ఎందరికో ఊరట కలిగించిన మాట కాదనలేనిది. ఇక్కడ గమనించవలసినది సేవాభావాన్ని కాదు, దస్త్రాల అమరికను. సెటిల్మెంటూ ఆసుపత్రీ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఒకదాని సమాచారం మరొకదానికి చేరకుండా నిలిపే నియమం చట్టంలో లేదు.

5. చట్టం రద్దయింది, కాగితం మిగిలింది

వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి కృషి ఫలితంగా మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం 1947లో రద్దయింది. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పడిన విచారణ సంఘం దేశమంతటా రద్దుకు సిఫార్సు చేసింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. విముక్త జాతులు నేటికీ ఆ రోజును విమోచన దినంగా జరుపుకుంటాయి.

అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. సిద్ధాంతం మారింది: తెగకు బదులు వ్యక్తి, పుట్టుకకు బదులు పూర్వశిక్షలు. పోలీసు స్టేషనులోని అలవాటు మాత్రం అంత త్వరగా మారలేదు. రౌడీషీటు, సస్పెక్టు షీటు అనే మాటలు తెలుగులో అందరికీ తెలిసినవే. ‘నోన్ డిప్రెడేటర్’ అనే పోలీసు వర్గీకరణ సంక్షిప్తరూపమైన ‘కేడీ’ తిట్టుగా తెలుగు నుడిలో కలిసిపోయింది. దస్త్రంలోని పదం తిట్టుగా మారితే ఆ దస్త్రం ఊరందరి నోటా చేరినట్లే.

1970లలో లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. ‘సంస్కార్’ సంస్థ ద్వారా చదువు, ఉపాధి, జైలు నుంచి వచ్చినవారి పునరావాసం మీద పనిచేశారు. ఆ కృషి, రిజర్వేషన్లు, చదువు కలిసి ఎరుకల యువతను ప్రభుత్వోద్యోగాల గడప దాకా తెచ్చాయి. ఆ గడప దగ్గర వారికి ఎదురయ్యేది మళ్ళీ ఒక విచారణ పత్రమే.

6. ఉద్యోగ ప్రవేశంలో రెండు విచారణలు

ప్రభుత్వోద్యోగానికి ఎంపికైనవారు నింపే అటెస్టేషన్ ఫారంలో గడచిన ఐదేళ్ళ నివాసాలు, తల్లిదండ్రుల వివరాలు, అరెస్టులు, కేసులు అడుగుతారు. తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హతే అన్న హెచ్చరిక ఫారం మొదట్లోనే ఉంటుంది. ఇది ప్రవర్తన విచారణ. అందరికీ సమానంగా వర్తించే ఈ ఫారంలో నివాసస్థలం గడి మామూలు గడి. స్టూవర్టుపురం అని రాసేవారికి మాత్రం అది మరొక గడి కింద లెక్క. విచారించే అధికారి ఊరి పేరు చదివిన క్షణంలో నూరేళ్ళ దస్త్రం ఆయన మనసులో తెరుచుకోవచ్చు. ఆ ఊహకు ఫారంలో జవాబు చెప్పే చోటు లేదు.

రెండవది దేహవిచారణ. ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే స్థిర నియామకం లేదని ఫండమెంటల్ రూల్స్ 10వ నియమం చెబుతుంది. వైద్యమండలి ఎదుట అభ్యర్థి ఇచ్చే వాఙ్మూలంలో గత రోగాలు, శస్త్రచికిత్సలు చెప్పాలి. చాలాకాలంగా వాడుకలో ఉన్న ఫారంలో అంతటితో ఆగలేదు. తండ్రి బతికి ఉంటే వయస్సు, ఆరోగ్యం. మరణించి ఉంటే ఏ కారణంతో. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ సంగతి. దగ్గరి బంధువులలో క్షయ, మూర్ఛ, మతిభ్రమణం ఉన్నాయా అన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఒక వ్యక్తి ఉద్యోగం కోసం అతని బంధువుల వ్యాధులు ప్రభుత్వ కాగితంలోకి ఎక్కుతాయి. వారి అంగీకారం ఎవరూ అడగరు. వంశం ద్వారా వ్యక్తిని అంచనా కట్టే పద్ధతిలో ఈ ఫారమూ సెటిల్మెంటు రిజిస్టరూ ఒక కోవకు చెందినవే. వైద్యశాస్త్రంలో వంశానుగత వ్యాధులు నిజం, నేరం విషయంలో అది అబద్ధం అన్న తేడాను మరువరాదు. అయినా వంశానుగత సమాచారం ఏ నిర్దిష్ట పనికి అవసరమో చెప్పకుండా అందరినీ అడగడం సమర్థనీయం కాదు.

ఈ నియమావళిలో మరొక విశేషం ఉంది. అభ్యర్థిని అనర్హుడిగా తేల్చినప్పుడు కారణాన్ని స్థూలంగా మాత్రమే తెలియజేయాలని, మండలి గుర్తించిన లోపాల సూక్ష్మవివరాలు ఇవ్వనక్కరలేదని అఖిలభారత పోటీపరీక్షల వైద్యనియమాలు చెప్పాయి. అంటే గోప్యత దేహం కలిగిన వ్యక్తి కోసం కాక, దానిని పరీక్షించిన కార్యాలయం కోసం ఏర్పడింది. సెటిల్మెంటు నివాసికి తన రిజిస్టరు కనబడనట్లే అభ్యర్థికీ తన దేహచరిత్ర పూర్తిగా కనబడదు.

7. న్యాయస్థానాలు గీసిన హద్దులు

స్వాతంత్ర్యానంతరం న్యాయస్థానాలు ఈ రెండు విచారణలకూ విడివిడిగా హద్దులు గీస్తూ వచ్చాయి. 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసులు రాత్రివేళ ఇళ్ళకు వెళ్ళి తనిఖీ చేయడాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా గోప్యతను ప్రాథమిక హక్కుగా అప్పుడు అంగీకరించలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. పూర్వచరిత్ర విచారణకు సంబంధించి 2016లో అవతార్ సింగ్ కేసు ముఖ్యమైనది. సమాచారం దాచినంత మాత్రాన యాంత్రికంగా ఉద్యోగం తీసివేయరాదని, దాచిన విషయం స్వభావాన్నీ ఉద్యోగ స్వభావాన్నీ పరిశీలించాలని సుప్రీంకోర్టు చెప్పింది.

దేహవిచారణ విషయంలో 1991 నాటి జీవిత బీమా సంస్థ కేసు తొలి మైలురాయి. మహిళా ఉద్యోగుల నుంచి ఋతుక్రమం, గర్భధారణలు, గర్భస్రావాల వివరాలు కోరిన ఫారం వారి ఆత్మగౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు అభిప్రాయపడి, ఆ గడులను తొలగించవలసినదిగా సూచించింది. కొన్ని ప్రశ్నలకు జవాబు దాచడం తప్పు కాదు, ప్రశ్న అడగడమే తప్పు అన్న సూత్రానికి ఇది బలమిచ్చింది.

తెలుగునేల మీది కేసు ఇంకా దగ్గరిది. పోలీసు నియామకంలో హెచ్.ఐ.వి. కారణంగా తిరస్కరణకు గురైన అభ్యర్థి వేసిన వ్యాజ్యంలో 2006లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. వ్యాధి ఏ దశలో ఉన్నదో, వ్యక్తి పని చేయగలడో లేదో చూడకుండా హెచ్.ఐ.వి. ఉన్నవారందరినీ అనర్హులుగా చేయడం రాజ్యాంగవిరుద్ధమని న్యాయస్థానం నిర్ణయించింది. తీర్పులో అభ్యర్థి పేరు ‘ఎక్స్’ అని మాత్రమే ఉంది. స్టూవర్టుపురం రిజిస్టరు పేరుతో మొదలై వేలిముద్రతో ముగిసేది. ఈ తీర్పు పేరును దాచి హక్కును చూపింది.

ఆ తర్వాత 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఉద్యోగానికి షరతుగా ఆ పరీక్షను నిషేధించింది. అదే ఏడాది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. పోలీసు దస్త్రాల విషయంలో 2024 మే 7న సుప్రీంకోర్టు విముక్త, సంచార జాతులతో సహా వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు కులం ఆధారంగా హిస్టరీ షీట్లలో యాంత్రికంగా చేరకుండా చూడాలని అన్నది. 2024 అక్టోబరు 3న జైలు నియమావళుల్లో విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను తప్పుపట్టింది. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళకు కూడా ఈ మాటలు చెప్పవలసి రావడమే దస్త్రం ఆయుర్దాయాన్ని తెలుపుతుంది.

మరోవైపు దస్త్రాల పరిధి పెరుగుతున్నది కూడా. 2022 నాటి నేరప్రక్రియ (గుర్తింపు) చట్టం కనుపాప, రెటీనా స్కానులను, జీవనమూనాలను, వాటి విశ్లేషణను సేకరించడానికీ కొలతలను 75 ఏళ్ళు భద్రపరచడానికీ వీలు కల్పించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దేశభద్రత కారణంగా ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. భద్రతా విచారణ జరిగే చోటనే రక్షణ సడలవచ్చునన్నమాట.

8. అమెరికా అనుభవం

భద్రతా అనుమతులు విస్తృతంగా ఉన్న అమెరికా అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. అక్కడ అభ్యర్థులు నింపే 86వ నంబరు ఫారంలో మానసిక చికిత్స గురించిన 21వ ప్రశ్న చాలాకాలం వివాదాస్పదమైంది. చెప్పితే అనుమతి పోతుందన్న భయంతో సైనికులు చికిత్సకే దూరమవుతున్నారని గ్రహించి, 2008లో యుద్ధానుభవం వల్ల తీసుకున్న కౌన్సెలింగును చెప్పనక్కరలేదని మార్చారు. ప్రశ్న దాపరికాన్ని బయటపెట్టలేదు, రోగాన్ని పెంచింది అన్నది దాని నీతి. 2015లో సిబ్బంది నిర్వహణ కార్యాలయం నుంచి రెండుకోట్ల పదిహేను లక్షలమంది విచారణ సమాచారం అపహరణకు గురైనట్లు వెల్లడైంది. భద్రత కోసం పోగుచేసిన రహస్యాలే భద్రతకు ముప్పుగా మారాయి.

9. ముగింపు

రాజ్యం తన ఉద్యోగుల విశ్వసనీయతను విచారించడం న్యాయమే. పోలీసుశాఖలోనో రక్షణసంస్థలోనో చేరేవాడి కంటిచూపు, మానసిక స్థైర్యం తెలుసుకోవడమూ న్యాయమే. అభ్యంతరం విచారణకు కాదు, హద్దులేనితనానికి. స్టూవర్టుపురం చరిత్ర నుంచి మూడు నియమాలు తేలుతున్నాయి. మొదటిది, వైద్యుని నుంచి నియామకాధికారికి చేరవలసినది పనికి తగినవాడా కాడా అన్న తీర్మానమే గాని రోగవృత్తాంతం కాదు. పోలీసు దస్త్రానికి అదీ చేరనక్కరలేదు. రెండవది, వ్యక్తి తన చేతల మేరకే జవాబుదారీ. ఊరు, కులం, బంధువుల దేహం అతని ఖాతాలో పడరాదు. మూడవది, ప్రతి దస్త్రానికీ ఒక గడువు ఉండాలి, అందులో ఏముందో చూసి సరిదిద్దమని కోరే హక్కు సంబంధిత వ్యక్తికి ఉండాలి.

సెటిల్మెంటు రిజిస్టరులో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అందుకే దానిని పెట్టిన ప్రభుత్వం పోయినా, చట్టం పోయినా, ఊరి పేరులో అది ఇంకా బతికే ఉంది. నేడు కంప్యూటర్లలో చేరుతున్న ఆరోగ్య, విచారణ సమాచారానికి ఈ మూడు హద్దులూ ముందే గీయకపోతే, ఒకప్పుడు ఒక ఊరికి పరిమితమైన అనుభవం క్రమంగా అందరిదీ అయ్యే అవకాశం ఉంది. స్టూవర్టుపురాన్ని నేరచరిత్రలో ఒక అధ్యాయంగా గాక గోప్యతాహక్కు చరిత్రలో తొలి అధ్యాయాలలో ఒకటిగా చదవవలసిన అవసరం అందువల్లనే ఏర్పడుతున్నది.